ఆకాంక్ష తీరని ప్రమేయము

ప్రమేయమునకు (ఫంక్షనునకు) కావలసిన ఆర్గ్యుమెంట్లలో కొన్నిటిని ముందే సమకూర్చి, తక్కినవానిని పిదప నొసగు పద్ధతి జావాస్క్రిప్టునందు నిత్యోపయోగి; అట్టి దానిని ఉద్యోగపు ఇంటర్వ్యూ కొఱకు కంఠస్థము చేసి విడుచుట తగదనియు, తిరుపతి, చిత్తూరు ప్రాంతపు ఇంజనీరింగు కళాశాలలు దాని భావమును మొదట తెలుగున బోధించి ఆ తరువాతనే కోడు వ్రాయింపవలెననియు నా దృఢాభిప్రాయము.

బస్సు ఛార్జీని లెక్కించు ప్రమేయ మొకటి కలదనుకొందము. బయలుదేరు ఊరు, చేరవలసిన ఊరు, బస్సు రకము అను మూడింటిని అది కోరును. తిరుపతి బస్టాండు కౌంటరున మొదటిది మారదు గనుక, దాని నొక్కమారు స్థిరపరచినచో, చిత్తూరనియు ఎక్స్‌ప్రెస్సనియు చెప్పినంతనే ఛార్జీ తెలుపు క్రొత్త ప్రమేయము లభించును. జావాస్క్రిప్టునకు ప్రమాణమగు ఎక్మాస్క్రిప్టు యొక్క, 2009లో వెలువడిన 5వ సంచికలో చేరిన 'బైండ్' చేయునది ఇదియే. అది మూలప్రమేయమును మార్పదు, అప్పటికప్పుడు నడపదు. ప్రమేయము ఏ వస్తువు పక్షమున నడచునో తెలుపు 'దిస్' విలువను, ఎడమనుండి వరుసగా నిచ్చిన ఆర్గ్యుమెంట్లను పట్టియుంచి క్రొత్తదాని నొసగును. నడిమిదానిని మాత్రమే స్థిరపరుపదలచిన యెడల, 2015లో వచ్చిన యారో ఫంక్షనుతో వ్రాసికొనవలెను. కావున తఱచు మారనిది ముందును, మాటిమాటికి మారునది చివరను ఉండునట్లు క్రమమును నిర్ణయించుటయందే ప్రోగ్రామరు వివేకము బయల్పడును.

'తెమ్ము' అన్న క్రియ వినినంతనే 'దేనిని?' అను ఆకాంక్ష పుట్టుననియు, కర్మపదము చేరగనే అది తీరుననియు శాబ్దబోధమును, అనగా వాక్యార్థజ్ఞానమును, విచారించిన మన పండితులు సూక్ష్మముగా నిరూపించిరి. కొంత నిండి కొంత నిండని ప్రమేయము స్థితియు నట్టిదే. ప్రాచీనులు కంప్యూటరు నెఱిగిరని నా వాదము కాదు. పలు ఆర్గ్యుమెంట్ల ప్రమేయమును, ఒక్కొక్కదానినే స్వీకరించు ప్రమేయముల వరుసగా మార్పవచ్చునని 1924లో ప్రకటించినవాడు తర్కశాస్త్రజ్ఞుడగు మోజెస్ షోన్‌ఫింకెల్. అయినను, ఆకాంక్షావిచారము నెఱిగిన విద్యార్థికి ఈ భావము పరాయిదిగా తోచదు.

జాతీయ సంస్కృత విశ్వవిద్యాలయమును, 2015లో నెలకొన్న ఐఐటీయు తిరుపతి జిల్లాలోనే కలవు. కావున వానియందలి వ్యాకరణ న్యాయశాస్త్ర పండితులును, కంప్యూటరు ఆచార్యులును కలిసి కూర్చుండి, ఇట్టి భావములను తెలుగున విశదపరచు చిన్న పాఠ్యగ్రంథమును సిద్ధపఱచి, గ్రామములనుండి వచ్చు విద్యార్థుల చేతి కందింపవలెనని ఉభయులను సవినయముగా ప్రార్థించుచున్నాను.