సోఫా రక్కే పిల్లిది తప్పా?

కొత్త సోఫా అంచు పీచులు పీచులుగా వేలాడుతుంటే ఏ ఇంటివారికైనా కోపం రావడం సహజం. కానీ పిల్లి పగబట్టి అలా చేస్తోందనుకోవడం పొరపాటు.

పిల్లి గోరు పొరలుగా పెరుగుతుంది. పాత పొర ఊడి, లోపలి పదునైన గోరు బయటపడాలంటే గరుకు చోటు కావాలి. రక్కేటప్పుడు పాదాల్లోని గ్రంథులు అక్కడ వాసన వదులుతాయి. అది దాని హద్దు గుర్తు. నిద్ర లేచాక ఒళ్లు విరుచుకోవడానికీ ఇదే మార్గం. కొడితే ఈ అవసరం పోదు, మనిషంటే భయం మాత్రం పట్టుకుంటుంది.

కొన్ని దేశాల్లో పిల్లి గోళ్లు తీయిస్తారు. మాట చిన్నదే కానీ, ఆ శస్త్రచికిత్సలో తొలగించేది ప్రతి వేలి చివరి ఎముకను. మన వేళ్లను చివరి కణుపు దగ్గర కోసినట్లే. వైద్య అవసరం ఉంటే తప్ప ఇలా చేయకూడదని అమెరికాలోని న్యూయార్క్ రాష్ట్రం 2019లో నిషేధించింది. కుర్చీ గుడ్డ కోసం జీవి వేళ్లు కోయడం ఏ విధంగానూ న్యాయం కాదు.

పరిష్కారం ఇంట్లోనే ఉంది. పిల్లి నిలువునా సాగేంత ఎత్తున్న, ఊగని కొయ్యకు నులక తాడో గోనెపట్టానో బిగించి సోఫా పక్కనే నిలపాలి. ఎవరూ తిరగని మూలన పెడితే అది పట్టించుకోకపోవచ్చు. హద్దు గుర్తు కనబడే చోట ఉండాలి కదా! అక్కడ రక్కిన వెంటనే ఇష్టమైన తిండి కొంచెం పెడితే త్వరగా అలవాటు పడుతుంది.

సోఫాకు కొత్త కవరు వేయించుకోవచ్చు. తెగిన వేలు మళ్లీ మొలవదు.