అన్నీ మంచివే, కలిస్తేనే చిక్కు

నాలుగు మంచి వస్తువులు కలిసి ఒక చెడ్డపని చేయగలవా? చేయగలవు. ఎలాగో చూడండి.

వరికుంటపాడు వైపు మెట్ట పొలాలు. వానలు తక్కువ. బోరులో నీరుంటేనే తోట బతుకుతుంది. 2004లో రైతులకు ఉచిత విద్యుత్తు వచ్చింది. అయితే రోజంతా కాదు, కొన్ని గంటలే. ఆ గంటలు ఒక్కొక్కప్పుడు అర్ధరాత్రి పడేవి. పురుగూ పుట్రా తిరిగే చీకట్లో మోటారు వేయడానికి ఎవరు పోతారు? అందుకని చాలామంది ఆటో స్టార్టరు పెట్టుకున్నారు. కరెంటు రాగానే అదే మోటారును వేస్తుంది. మంచి సాధనమే గదా!

ఇక పలక తీసి లెక్క వేయండి. 25 కె.వి.ఎ. ట్రాన్స్‌ఫార్మరు ఒక్కొక్క ఫేజులో సుమారు 33 ఆంపియర్లు ఇవ్వగలదు. 5 హెచ్.పి. మోటారు తిరిగేటప్పుడు సుమారు 7 ఆంపియర్లు తీసుకుంటుంది. నాలుగు మోటార్లకు 28. సరిపోయింది!

కాని తిరిగే మోటారు తనలోనే ఎదురు వోల్టేజి పుట్టించి కరెంటును అదుపులో పెడుతుంది. ఆగివున్న మోటారుకు ఆ అడ్డు లేదు. అందుచేత కదిలే ఆ కొద్ది సెకండ్లూ అది దాదాపు 6 రెట్లు లాగుతుంది. పూర్వం ఒక్కొక్క రైతు ఒక్కొక్క వేళకు వచ్చి మోటారు వేసేవాడు. ఇప్పుడు నాలుగూ ఒక్క క్షణంలో లేస్తాయి. 28ని 6తో హెచ్చిస్తే 168! వోల్టేజి పడిపోతుంది. మోటార్లు త్వరగా వేగం అందుకోలేవు. పెద్ద కరెంటు ఇంకా సేపు పారుతుంది. ఫ్యూజు పోతుంది.

మాటిమాటికీ పోతుంటే విసిగి, ఎవరో లావు తీగ చుడతారు. అప్పుడు ఫ్యూజు పోదు, ట్రాన్స్‌ఫార్మరే కాలిపోతుంది! మరొకటి వచ్చేదాకా నాలుగు తోటలూ ఎండవలసిందే. మీరు మాత్రం ఆ పెట్టె దాపులకు పోకండి. ప్రాణాపాయం.

ఇందులో స్టార్టరు తప్పేమిటి? మోటారు తప్పేమిటి? దేని పని అది చేసింది. కలిస్తే ఏమవుతుందో ఎవరూ చూడలేదు, అంతే. టెలిఫోను ఇంజనీర్లకూ ఈ చిక్కే వచ్చింది. మాటల్లో ఉండగా రెండో పిలుపును వినిపించే సదుపాయం ఒకటి, దానిని వేరే నంబరుకు మళ్ళించే సదుపాయం ఒకటి. రెండూ ఉన్నవారికి పిలుపు వస్తే ఏది పనిచేయాలి? ముందే ఒక నియమం పెట్టుకోవాలి.

మన మోటార్లకూ అంతే. కొంత ఆలస్యంగా వేసే స్టార్టర్లున్నాయి. ఒకదాని తర్వాత ఒకటి లేస్తే, చివరి మోటారు లేచేటప్పుడు కూడా 21, 42 కలిపి 63 ఆంపియర్లే. కొద్ది సెకండ్లు గనుక ట్రాన్స్‌ఫార్మరు ఓర్చుకుంటుంది. కాని నలుగురూ అర నిమిషమే పెట్టుకున్నారో, మళ్ళీ మొదటి కథే! కాబట్టి నలుగురూ ఒకచోట కూర్చుని మాట్లాడుకోవాలి. అది ఏ యంత్రమూ చేయలేని పని.

మీకొక ప్రశ్న. బడిగంట కొట్టగానే అన్ని తరగతులవారూ ఒకే కుళాయి దగ్గరికి పరుగెత్తుతారు. మరో కుళాయి కొనకుండా ఉపాయమేమిటి? ఆలోచించి మీ మాష్టారికి చెప్పండి.