హెచ్చరికను విస్మరించిన ఫలం

రైలు ప్రమాదం జరిగిన వెంటనే తప్పు డ్రైవరుదా, స్టేషన్ మాస్టరుదా అన్న చర్చ మొదలవుతుంది. అసలు కారణం తరచు అంతకు ఎంతో ముందే పుట్టి ఉంటుంది.

2023 జూన్ 2న ఒడిశాలోని బాహానగా బజార్ వద్ద చెన్నై వెళ్లే కోరమండల్ ఎక్స్‌ప్రెస్‌కు పచ్చ సిగ్నల్ లభించింది. పట్టాలు మాత్రం లూప్ లైనుకు మళ్లి ఉన్నాయి. ఆ లైనులో నిలిచి ఉన్న గూడ్సును ఢీకొనగా జరిగిన ఘోరంలో 290 మందికి పైగా అసువులు బాశారు. సిగ్నల్ తీగల మార్పులో 2018లోనే పొరపాటు జరిగిందని రైల్వే భద్రతా కమిషనర్ విచారణ తేల్చింది. 2022 మే నెలలో అదే ఖరగ్‌పూర్ డివిజన్‌లో ఇటువంటి తప్పే బయటపడింది. అప్పుడే సరిదిద్దుకొని ఉంటే ఈ దుర్ఘటన తప్పేదని నివేదిక పేర్కొన్నది.

ఐదు నెలలు తిరగకముందే, అక్టోబరు 29న, విజయనగరం జిల్లా కంటకాపల్లి వద్ద రాయగడ పాసింజరు ముందున్న పలాస పాసింజరును ఢీకొన్నది. పాడైన ఆటోమేటిక్ సిగ్నల్ వద్ద ఆగి, నెమ్మదిగా సాగాలన్న నియమాన్ని డ్రైవరు పాటించలేదని ప్రాథమిక విచారణ తెలిపింది. అటువంటి వేళ రైలును తానై ఆపే ‘కవచ్’ ఆ మార్గంలో అప్పటికి లేదు.

అయితే కవచ్ ఒక్కటే చాలదు. తప్పుగా కలిపిన తీగ చూపే పచ్చదీపాన్ని అది కూడా నమ్ముతుంది. మరమ్మతు ముగిసిన ప్రతిసారీ పూర్తి తనిఖీ, ప్రాణనష్టం లేని చిన్న లోపంపైనా తక్షణ చర్య అవసరం. బరంపురం, రాయగడ, పలాస ప్రయాణికులు కోరవలసినది పరిహారాన్ని మాత్రమే కాదు, ఈ జాగ్రత్తను.