పదిహేనేళ్ల దాకా ఆగరాని పాసింగ్

సొంత వాడకానికి కొన్న మోటార్‌సైకిల్ పనితీరును మన దేశంలో ప్రభుత్వం తొలిసారి పరీక్షించేది పదిహేనేళ్లు నిండాకే. 1988 మోటారు వాహనాల చట్టంలోని 41వ సెక్షన్ రిజిస్ట్రేషన్‌కు అంత గడువు ఇచ్చింది. ఆ తర్వాత బండిని ఆర్టీవో ముందు నిలిపి, పాసింగ్ చేయించి, ఐదేళ్లకోసారి పొడిగించుకోవాలి. కిరాయికి తిరిగే ఆటోకు, టెంపోకు కొత్తలో రెండేళ్లకు, ఎనిమిదేళ్ల వయసు దాటాక ఏటేటా ఫిట్‌నెస్ పరీక్ష తప్పదు. మట్టిదారుల కోసం తయారైన రాయల్ ఎన్‌ఫీల్డ్ హిమాలయన్ 2016లో, హీరో ఎక్స్‌పల్స్ 200 2019లో బజారుకొచ్చాయి. తొలి ఏడాది అమ్ముడైన హిమాలయన్‌ను అధికారి చూసేది 2031లో, ఎక్స్‌పల్స్‌ను 2034లో. అన్నిటికన్నా మొరటుగా వాడే బండ్లకు ఇంత సుదీర్ఘమైన మినహాయింపు ప్రమాదకరం. దీన్ని మార్చాలి.

మహారాష్ట్రలో థాణే దగ్గరి మరమగ్గాల ఊరు భివండీలో ఈ అవసరం మరింత స్పష్టం. కరీంనగర్, వరంగల్, నల్లగొండ ప్రాంతాల నుంచి తరాల కిందట వలస వచ్చిన పద్మశాలీల పద్మానగర్ మొదలు అంజూర్ ఫాటా గోదాముల దాకా జనం నిత్యం తిరిగేది ద్విచక్ర వాహనాల మీదే. వానాకాలంలో ఇక్కడి గుంతల్లోనూ వాడా రోడ్డు మీదా మామూలు బండి కంటే 21 అంగుళాల ముందు చక్రం, 220 మిల్లీమీటర్ల నేల ఎత్తు ఉన్న బండి తేలిగ్గా పోతుంది. సాంచాల (మరమగ్గాల) షెడ్ల ముందు నిలిపినప్పుడు నూలు నుసి నూనె తడి ఉన్న చైన్‌కు, ఎయిర్ ఫిల్టర్‌కు అంటుకుంటుంది. దానిపై బురద చేరుతుంది. దెబ్బలు తట్టుకునే బండి కదా అన్న ధీమాతో యజమాని దాన్ని పట్టించుకోడు. అరుగుదల మాత్రం ఆగదు.

ఇలాంటి బండిలో మొదట చూడాల్సింది ముందు భాగం. గుంతలో పడిన ప్రతిసారీ దెబ్బ ఫోర్క్ గుండా హ్యాండిల్ తిరిగే బేరింగ్‌లకు, అంటే కోన్ సెట్‌కు, చేరుతుంది. ముందు చక్రాన్ని నేల నుంచి లేపి హ్యాండిల్‌ను మెల్లగా తిప్పితే నడిమధ్యలో పట్టినట్టు ఆగడం, ఫోర్క్ కాళ్లను ముందుకూ వెనక్కూ ఊపితే టక్కుమనడం కోన్ సెట్ పాడైన గుర్తులు. అలాంటి బండి వేగంలో హ్యాండిల్ మాట వినదు. ఫోర్క్ ఆయిల్ సీల్ చిరిగితే ముప్పు రెండింతలు: షాకప్ పని చెడడమే కాక, కారిన నూనె డిస్క్ మీదికీ ప్యాడ్ల మీదికీ చేరి బ్రేక్ జారుతుంది. మెకానిక్ తుడిచి పంపేసే ఈ నూనె మరక నిజానికి బండిని రోడ్డెక్కనివ్వరాని లోపం.

తర్వాత చక్రాలు. చువ్వల చక్రం దెబ్బకు వంగి తట్టుకుంటుంది గానీ చువ్వలు వదులవుతాయి. ఒక్కొక్కదాన్నీ తట్టి వింటే బిగువుగా ఉన్నది ఖంగుమంటుంది, వదులైంది మందంగా పలుకుతుంది. వదులైన చువ్వలు ఎక్కువైతే మిగతావి ఆ బరువు మోసి తెగుతాయి. వెనక చక్రాన్ని పక్కలకు ఊపితే స్వింగ్ ఆర్మ్ బుష్ అరుగుదల తెలిసిపోతుంది. ద్విచక్ర వాహనం టైరు గాడి 0.8 మిల్లీమీటర్ల కంటే తగ్గరాదని కేంద్ర నిబంధనలే చెబుతున్నాయి. మట్టి కోసం చేసిన బటన్ టైరు తారురోడ్డు మీద త్వరగా అరుగుతుంది, తడిలో పట్టు తప్పుతుంది. డిస్క్ ప్లేట్ కనీస మందం దాని మీదే చెక్కి ఉంటుంది. ఎంతమంది మెకానిక్‌లు దాన్ని కొలుస్తున్నారు?

బ్రిటన్‌లో మోటార్‌సైకిల్‌కు మూడేళ్లు నిండగానే ఏటా పరీక్ష ఉంది. అక్కడ బండ్లు తప్పడానికి మొదటి కారణం దీపాలు, ఇండికేటర్లు. కొమ్మలకు తగిలి విరుగుతాయని ఇండికేటర్లు పీకేయడం, మడ్‌గార్డ్ తీసేసి నంబర్ ప్లేటును పైకి మడవడం, శబ్దం కోసం సైలెన్సర్ మార్చడం ఇక్కడా మామూలే. ఇవి సరదాలు కావు, నేరాలు. తయారీదారు ఇచ్చిన వివరాలకు భిన్నంగా బండిని మార్చరాదని 52వ సెక్షన్ శాసిస్తోంది; 2019 జనవరిలో సుప్రీంకోర్టు దాన్నే గట్టిగా చెప్పింది. అదే ఏడాది సవరణతో ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, ఆరు నెలల దాకా జైలు శిక్ష పడే వీలు వచ్చింది.

ఏటా తీసుకునే పీయూసీ (కాలుష్య పత్రం) ఉంది కదా అనే వాదన నిలవదు. అది పొగను కొలుస్తుంది, బ్రేకును చూడదు. 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోతే వారిలో 74,897 మంది ద్విచక్ర వాహనాల వారు. ఇందరి ప్రాణాలు ముడిపడిన వాహనాన్ని పరీక్ష నుంచి తప్పించడం ఏ లెక్కన చూసినా తప్పే. ఫ్రాన్స్ కూడా ఏళ్ల తరబడి వాయిదా వేసి చివరికి 2024 ఏప్రిల్ నుంచి ద్విచక్ర వాహనాల తనిఖీ మొదలుపెట్టింది.

లోపం బండిది కాదు, రోడ్డుది అనే మాటలో న్యాయం ఉంది. గుంతల వల్ల చనిపోయిన వారి కుటుంబాలకు 6 లక్షల రూపాయల పరిహారం ఇవ్వాలని బొంబాయి హైకోర్టు 2025 అక్టోబరులో ఆదేశించింది. భివండీ నిజాంపూర్ నగరపాలిక తన రోడ్లను ఆ భయంతోనైనా బాగుచేయాలి. అయితే రోడ్డు చెడింది కాబట్టి బండిని చూడనక్కర్లేదు అనడం కుదరదు. చెడిన రోడ్డు మీదే బ్రేకు మరింత కావాలి.

కూలి పోతుందన్న కార్మికుడి అభ్యంతరాన్ని మాత్రం తేలిగ్గా తీసుకోరాదు. సాంచా మీద పన్నెండు గంటలు నిలబడే మనిషిని థాణే దాకా రప్పించి వరుసలో నిలబెట్టడం అన్యాయం. తనిఖీ శిబిరమే పద్మానగర్‌కు రావాలి, సాంచాలు ఆగే వారపు సెలవు నాడే జరగాలి. ఊరి నుంచి తెచ్చుకున్న తెలంగాణ నంబరు బండ్లనూ అక్కడే చూడాలి. ఏడాది దాటి ఇక్కడే ఉంచుకున్న బండికి మహారాష్ట్ర నంబరు తీసుకోవాలని 47వ సెక్షన్ చెబుతోంది. ఆ పనీ శిబిరంలోనే పూర్తికావాలి.

కేంద్రం చట్టం సవరించి ద్విచక్ర వాహనానికి ఐదో ఏట తొలి పాసింగ్, ఆపై రెండేళ్లకోసారి తప్పనిసరి చేయాలి. తప్పిన బండి యజమానికి లోపాలను అతడికి తెలిసిన భాషలో రాసివ్వాలి, బాగుచేయించుకు వస్తే రెండోసారి రుసుము అడగరాదు. అంతవరకు థాణే రవాణా అధికారులు ఏటా వానలకు ముందే, మే నెలలో, భివండీలో ఉచిత తనిఖీ శిబిరం పెట్టాలి. వచ్చే మేలోనే దాన్ని మొదలుపెట్టాలి.