మొకం లేని బొమ్మ

పొద్దుగూకే వేళ పొలాల్ని ఫోటో తీసి ‘పల్లె అందం’ అని పేరు పెడతారే, ఆ పేరు దగ్గరే నాకు పేచీ. మాకది అందం కాదు, పని దిగే టైము. నాట్లకెళ్ళిన రోజున పొద్దున్నుంచీ వంగిన మా అమ్మ నడుం అప్పుడు లేచేది. బురదనీళ్ళల్లో నాని కాలివేళ్ళ సందులు ఒరుసుకుపోయి మంట. అయినా తిన్నగా ఇంటికి రాటానికి లేదు. కూలి కోసం ఆసామి అరుగు కింద నిలబడాలి. ‘‘రేపు రండే’’ అంటే రేపే. ఆకాశం ఎంత ఎర్రగా ఉందో చూసే తీరిక ఆ నిలబడ్డోళ్ళలో ఎవరికుంది?

ఎరువుల కొట్టువాడు ఓ ఏడు ఇచ్చిన క్యాలెండరు మా ఇంట్లో వేలాడేది. ఎర్రటి ఆకాశం, నీళ్ళు నిండిన మడి, గట్టు మీద తట్ట నెత్తినెట్టుకుని పోయే ఓ ఆడమనిషి. అమ్మ దాన్ని చూసి, ‘‘ఎవరి కోడలో, మొకమే లేదు’’ అంది. ఫోటోల గురించి అంతకంటే సూటి విమర్శ నేను ఎక్కడా చదవలేదు.

ఎందుకు లేదు మొకం? సూర్యుడికి ఎదురు నిలబడి ఆకాశం వెలుగుకి కొలత కట్టి తీస్తే, అడ్డమొచ్చిన మనిషి మసిబొమ్మ అయిపోతుంది. ఆకాశం రంగు దక్కాలంటే మనిషి మొకం పోవాలి. కెమెరాకి కులం లేదంటారు. నిజమే, కానీ దేనికి కొలత కట్టాలో తేల్చేది పట్టుకున్న చెయ్యి. ఆ మాటకొస్తే మిషనూ అంత అమాయకం కాదు. కొడాక్ కంపెనీ ఏళ్ళ తరబడి తెల్ల ఆడమనిషి బొమ్మ ఉన్న ‘షిర్లీ కార్డు’ చూసే రంగులు సరిచేయించింది. నల్లటి ఒళ్ళు ఎట్లా వస్తుందన్నది దానికి పట్టలేదు.

ఫోటోలో గట్లు కనపడతాయి, పట్టాలు కనపడవు. 2011 జనాభా లెక్కల్లో ఎస్సీలు 16.6 శాతం. 2015-16 వ్యవసాయ గణనలో ఎస్సీల సాగులో ఉన్న భూమి 9 శాతానికి లోపే. చుండూరులో 1991 ఆగస్టు 6న మనవాళ్ళని తరిమి చంపింది ఇట్లాంటి పచ్చటి పొలాల్లోనే. 8 మంది. శవాల్ని గోతాల్లో కుక్కి కాలవలో పడేశారు. 2007లో ప్రత్యేక కోర్టు శిక్షలేస్తే 2014లో హైకోర్టు కొట్టేసింది. ఆ పొలాల మీదా పొద్దు రోజూ ఎర్రగానే గూకుతుంది. 1948 నవంబరు 4న రాజ్యాంగ సభలో అంబేద్కర్ పల్లెని పొగిడేవాళ్ళని నిలదీశాడు. ఆయనకి జవాబు చెప్పలేనోళ్ళు ఇప్పుడు పొలం గట్టున స్టాండు పాతుకుని నిలబడుతున్నారు.

తియ్యొద్దనటం లేదు. సూర్యుడికి వీపు పెట్టి నిలబడండి. అదే బంగారం వెలుగు అప్పుడు ఆమె మొకం మీద పడుతుంది. చెమటా, ముక్కుపుల్లా, కళ్ళ కింద గుంటలూ కనపడతాయి. ఆమె కూడా మిమ్మల్ని చూస్తుంది. తీసే ముందు అడగండి: ఇయ్యాల కూలెంత, చేతికొచ్చిందా, బొమ్మ తియ్యొచ్చా అని. వద్దంటే కెమెరా దించండి.