మాక్కూడా గొడవ పడే హక్కుంది

విశాఖ ఫిషింగ్ హార్బర్‌లో తెల్లవారుజామున ఓ గంటసేపు నిలబడి చూడండి. గొడవ లేకుండా అక్కడ ఒక్క చేప కూడా చెయ్యి మారదు. వేలంపాట దగ్గర గొడవ. తూకం దగ్గర గొడవ. ఐసు తక్కువ పోశాడని గొడవ. గంపలు పట్టుకున్న ఆడవాళ్ళు నోరెత్తారంటే పెద్ద షావుకార్లు కూడా ఒకడుగు వెనక్కి వేస్తారు. అరగంట తిరిగేసరికి అరుచుకున్న ఆ ఇద్దరే ఒకే బడ్డీ దగ్గర నిలబడి టీ తాగుతుంటారు.

ఆ గుంపులో మేమూ ఉంటాం. మేమంటే ముస్లిములం. చేపలు కొనేవాళ్ళం, ఇంజన్లు బాగుచేసేవాళ్ళం, వార్తల కోసం తిరిగేవాళ్ళం. "ఏటి సాయిబూ, నిన్న వంద తగ్గించి ఇచ్చేసి ఎలిపోనావు" అని ఒకావిడ అందరి ముందూ నిలదీస్తుంది. మేమూ ఊరుకోం. నోటికి నోరు. ఆమెకు మేం సాయిబులమని తెలుసు, పిలవడమే అలా పిలుస్తుంది. అయినా ఆ గొడవను ఎవరూ మా మతానికి అంటగట్టరు. వంద రూపాయల గొడవ వంద రూపాయల గొడవగానే మొదలై అలాగే ముగుస్తుంది.

ఈ మాట ఎందుకు చెప్తున్నామంటే, అదే ఊళ్ళో, అదే మేం, విమానమెక్కితే ఈ హక్కు మాకు లేకుండా పోతోంది.

మొన్నామధ్య మా కుటుంబం విశాఖ నుంచి హైదరాబాద్‌కు విమానంలో వెళ్ళింది. మా ఖాలాకు డెబ్భై ఏళ్ళు. బురఖా వేసుకుంటుంది. మాత్ర వేసుకోవాలి, తెచ్చుకున్న సీసా ఖాళీ అయింది. విమానం పైకి లేచి బెల్టు లైటు ఆరాక నీళ్ళడిగింది. చౌక విమానాల్లో తిండి కొనుక్కోవాలిగానీ నీళ్ళు అడిగితే ఊరికే ఇస్తారు. "ఒక్క నిమిషం మేడమ్" అని ఆ అమ్మాయి వెళ్ళిపోయింది. పది నిమిషాలకు మళ్ళీ అడిగితే మళ్ళీ అదే జవాబు. మూడోసారి మా తమ్ముడు లేచి నిలబడి కాస్త గట్టిగానే అడిగాడు. ఖాలా వైపు తిరిగి "ఠైరో ఖాలా, పానీ లాతూఁ" అన్నాడు. అంతే. పక్క వరసలో పెద్దమనిషి ఫోను తీసి వీడియో మొదలెట్టాడు. ఆ అమ్మాయి గొంతు మారింది. కూర్చోకపోతే కెప్టెన్‌కు చెప్పాల్సి ఉంటుందంది. వాడు కూర్చున్నాడు.

మాకు మూడు వరసల ముందు ఒకాయన, శాండ్‌విచ్ అయిపోయిందన్నందుకు సీటు ముందున్న బల్లను చేత్తో బాదాడు. "నేనెవరో తెలుసా?" అన్నాడు. "సారీ సర్" అంది అదే అమ్మాయి. రెండుసార్లంది. ఆయన్నెవరూ వీడియో తీయలేదు.

హైదరాబాద్‌లో దిగాక మా తమ్ముణ్ణి పక్కకు పిలిచి గుర్తింపు కార్డు చూశారు. ఎక్కడుంటావు, ఏం చేస్తావు అని అడిగారు. పది నిమిషాల్లో వదిలేశారు. ఎవరూ తిట్టలేదు, కొట్టలేదు. అంచేత ఇది వార్త కాదు. ఇరవై ఏళ్ళుగా వార్తలు రాస్తున్న మాకే దీన్ని వార్తగా రాయడం చేతకాలేదు. ఇంటికెళ్ళాక ఖాలా ఒక్క మాటే అంది. "బేటా, ఇకమీద ప్లేన్‌లో ఉర్దూ మాట్లాడకండి. నాకు నీళ్ళూ వద్దు, ఏమీ వద్దు."

ఆ మాట మింగుడు పడక ఇది రాస్తున్నాం.

విమానంలో గొడవలు పడే ప్రయాణికులు మేమేనా? 2017 మార్చి 23న పుణె నుంచి ఢిల్లీ వెళ్ళిన ఎయిరిండియా విమానంలో బిజినెస్ క్లాసు లేదన్న కోపంతో శివసేన ఎంపీ రవీంద్ర గైక్వాడ్ ఆ సంస్థ అధికారిని చెప్పుతో కొట్టాడు. పాతిక దెబ్బలు కొట్టానని కెమెరాల ముందు తనే చెప్పుకున్నాడు. విమాన సంస్థలు ఎక్కించుకోమన్నాయి. విచారం వెలిబుచ్చుతూ ఓ ఉత్తరం రాశాడు, రెండు వారాలకు నిషేధం పోయింది.

అంత దూరం ఎందుకు? అదే ఏడు జూన్ 15న మన విశాఖ విమానాశ్రయంలోనే జరిగింది. హైదరాబాద్ వెళ్ళే ఇండిగో విమానానికి అనంతపురం ఎంపీ జె.సి.దివాకర్‌రెడ్డి కౌంటర్ మూసేశాక వచ్చారు. బోర్డింగ్ పాస్ ఇవ్వలేమన్నారు సిబ్బంది. ప్రింటర్‌ను తోసేశారని, సిబ్బంది మీద చెయ్యి వేశారని ఆరోపణ. కెమెరాకెక్కిన ఆ దృశ్యాన్ని దేశమంతా చూసింది. విమాన సంస్థలు నిషేధం పెట్టాయి, కొన్ని వారాలకు ఎత్తేశాయి. ఆ రోజు మాత్రం ఆయన అదే విమానంలో వెళ్ళారని పత్రికలు రాశాయి.

జూన్ 15 మా హార్బర్‌కు పెద్ద రోజు. ఏప్రిల్ 15 నుంచి 61 రోజుల వేట నిషేధం జూన్ 14తో ముగుస్తుంది. రెండు నెలలు కూలి లేక కూర్చున్న కళాసీలు బోటెక్కే రోజు. ఆలస్యంగా వచ్చిన కళాసీ కోసం ఏ బోటూ ఆగదు. నెట్టడానికి అతని ముందు కౌంటరూ లేదు, వెనక పదవీ లేదు. జెట్టీ మీద నిలబడి నాలుగు బూతులు తిట్టి ఇంటికి పోతాడు.

ఆ ఇద్దరు ఎంపీలు అంత గొడవ చేస్తే మీరేమన్నారు? కోపిష్ఠి అన్నారు. నోటి దురుసన్నారు. అధికార మదమన్నారు. చాలామంది తిట్టారు, మేమూ తిట్టాం. కానీ ఒక్కరైనా ఆ చెప్పుకు మతం అడిగారా? ఆ ప్రింటర్ పడిపోవడం వెనక ఏ గ్రంథం ఉందని వెతికారా? లేదు. మనిషి తప్పును మనిషి ఖాతాలోనే రాశారు. బాగుంది. మేం అడిగేదీ అదే. మా కోపాన్ని మా స్వభావం ఖాతాలో రాయండి. మా కితాబు ఖాతాలో రాయకండి.

2015 మే నెలలో తాహెరా అహ్మద్ అనే ఆమె షికాగో నుంచి వాషింగ్టన్ వెళ్తూ యునైటెడ్ ఎయిర్‌లైన్స్ విమానమెక్కింది. నార్త్‌వెస్టర్న్ యూనివర్సిటీలో ముస్లిం విద్యార్థులకు మతగురువు. తలకు హిజాబ్ ఉంది. డైట్ కోక్ అడిగింది. మూత తీసిన డబ్బా తెచ్చారు. శుభ్రత కోసం మూత తీయనిది ఇవ్వమంది. కుదరదు, దాన్ని ఆయుధంగా వాడొచ్చు అన్నారు. పక్కనున్న మగాయనకు మాత్రం మూత తీయని బీరు డబ్బా ఇచ్చారు. ఇదేంటని అడిగితే మరో ప్రయాణికుడు ఆమెను ముస్లిమంటూ బూతు తిట్టాడు. సంస్థ మొదట అపార్థమంది, తర్వాత క్షమాపణ చెప్పింది, ఆ ఉద్యోగి ఇక తమ ప్రయాణికులకు సేవచేయబోదని ప్రకటించింది. ఒకే విమానం, ఒకే సైజు రేకు డబ్బా. ఒక చేతిలో అది పానీయం, ఇంకో చేతిలో ఆయుధం.

అంతకు ముందు 2009 జనవరి 1న అదే దేశంలో ఎయిర్‌ట్రాన్ విమానంలో ఒక ముస్లిం కుటుంబం ఎక్కడ కూర్చుంటే క్షేమమో మాట్లాడుకుంది. విమానమెక్కే ఏ సంసారి మాట్లాడుకోడు? పిల్లలతో సహా తొమ్మిదిమందిని దించేశారు. ఎఫ్‌బీఐ వచ్చి వీళ్ళ తప్పేం లేదని తేల్చాక కూడా ఆ సంస్థ మరో విమానంలో ఎక్కించుకోలేదు. క్షమాపణ మర్నాడు వచ్చింది.

అది అమెరికా, 2001 సెప్టెంబరు చూసిన దేశం, భయం సహజం అంటారు మీరు. నిజమే, విమానంలో భయానికి కారణాలున్నాయి. సోదా చేయండి. అందరితో పాటు మా సంచులూ వెతకండి, మా బెల్టులూ విప్పించండి. మేం ఎప్పుడూ కాదనలేదు. కానీ సోదా అంతా అయ్యాక, లోపల కూర్చున్నాక, గ్లాసెడు నీళ్ళు అడిగితే మళ్ళీ మొదలయ్యే సోదా ఏ చట్టంలో ఉంది?

చట్టం మాటకొస్తే, మన దేశంలో 2017 సెప్టెంబరులో డీజీసీఏ నియమాలు తెచ్చింది. నోటి దురుసుకు మూడు నెలల దాకా నిషేధం. చెయ్యి చేసుకుంటే ఆరు నెలల దాకా. ప్రాణాలకే ముప్పు తెస్తే రెండేళ్ళు, లేదా ఇంకా ఎక్కువ. రిటైరైన జిల్లా జడ్జి ఉండే కమిటీ విచారించాలి. కాగితం మీద తప్పు పట్టడానికేం లేదు, అందులో మతం మాటే లేదు. కానీ కాగితం కమిటీ దగ్గర మొదలవదు, సీటు దగ్గర మొదలవుతుంది. ఎవరి గొంతు దురుసు, ఎవరి గొంతు విసుగు అన్నది అక్కడే తేలిపోతుంది. తేల్చేది చెవి కాదు, కన్ను. గడ్డాన్ని చూసే కన్ను, బురఖాను చూసే కన్ను.

ఇలా అంటున్నామని ఆ అమ్మాయిని బోనులో నిలబెడుతున్నామనుకోకండి. ఆమెదీ ఉద్యోగమే. ఎయిరిండియాలో ఎయిర్ హోస్టెస్‌కు మొదటి గర్భం వస్తే ఉద్యోగం ఊడే నియమం ఉండేది. 1981లో నర్గేష్ మీర్జా కేసులో సుప్రీంకోర్టు కొట్టేసేదాకా అది నడిచింది. ఉద్యోగంలో చేరిన నాలుగేళ్ళలోపు పెళ్ళి చేసుకోకూడదన్న నియమాన్ని మాత్రం ఆ కోర్టే సరే అంది. 2022 డిసెంబరులో ఇస్తాంబుల్ నుంచి ఢిల్లీ వస్తున్న ఇండిగో విమానంలో భోజనం దగ్గర గొడవైతే, తాను ఉద్యోగినే గానీ పనిమనిషిని కానని ఒక సిబ్బంది ప్రయాణికుడికి ఎదురు చెప్పింది. మేం ఆమె పక్షమే. మర్యాద అడిగే హక్కు ఆమెకెంతుందో మాకూ అంతే ఉంది.

మా వాళ్ళ గురించి కూడా చెప్పుకోవాలి, దాచుకుంటే ఈ రాత అబద్ధమవుతుంది. గల్ఫ్ విమానాల్లో మా మగవాళ్ళు ఎయిర్ హోస్టెస్‌ను చిటికె వేసి పిలవడం మేం చూశాం. ఆమె బట్టల మీద వెకిలి మాటలు విన్నాం. ఇంటి ఆడపిల్లను గడప దాటనివ్వడానికి వంద షరతులు పెట్టేవాడే, ఇంకొకరి ఆడపిల్ల ఉద్యోగం చేస్తుంటే ఇలా మాట్లాడతాడు. వాడికి మూడు నెలల నిషేధం కాదు, ఆరు నెలలు వేసినా మేం అడ్డం పడం. కానీ వాడి పేరు మీద వెయ్యండి. మా ఖాలా పేరు మీద వెయ్యకండి.

ఇక తిండి సంగతి. 2024లో ఎయిరిండియా భోజనాల జాబితాలో హిందూ భోజనం, ముస్లిం భోజనం అన్న పేర్లు చూసి, తిండికి మతమేమిటని పెద్ద రభస అయింది. ఆ నవంబరులో సంస్థ పద్ధతి మార్చింది. ముందుగా చెప్పుకున్న ముస్లిం భోజనానికే హలాల్ సర్టిఫికెట్, సౌదీ వెళ్ళే విమానాల్లో, హజ్ విమానాల్లో మాత్రం అంతా హలాల్ అంది. మాకు అభ్యంతరం లేదు. అడిగినవాడికి అడిగింది పెట్టడం కన్నా సేవ ఏముంటుంది? మాకున్న ప్రశ్న ఒక్కటే. తిండికి మతమేమిటన్న మీరు దాహానికి మతమేమిటని ఎందుకడగరు? భాషకు మతమేమిటని ఎందుకడగరు? పానీ అన్నందుకు ఫోన్లు పైకి లేస్తే, ఆ భాష మీది కాదా? మీ సినిమా పాటల్లో లేదా? మీ ఊరి కచేరీలో, దస్తావేజులో, మీరు రోజూ అనే జవాబులో, హాజరులో, రాజీనామాలో లేదా?

ఆ రోజు విమానంలో మీరూ ఉన్నారు. వీడియో తీసిన పెద్దమనిషి సంగతి కాదు, మిగతావాళ్ళ సంగతి అంటున్నాం. మంచివాళ్ళు, చదువుకున్నవాళ్ళు, మతతత్వం మీద సంతకాల సేకరణకు సంతకం పెట్టేవాళ్ళు. మీ దగ్గర నీళ్ళ సీసా ఉంది. ఒక్కరు అది అందించి ఉంటే, "ముసలావిడ మూడోసారి అడుగుతోందమ్మా" అని ఒక్క మాట అని ఉంటే, అది నీళ్ళ గొడవగానే ఉండేది. మీరు కిటికీలోంచి మబ్బులు చూశారు. మాకు సెక్యులరిజం మీద ఉపన్యాసం అక్కర్లేదు. పక్క సీటు నుంచి ఒక్క మాట కావాలి.

తిరిగొచ్చాక ఓ పొద్దున హార్బర్‌లో ఆ చేపలావిడకు ఇదంతా చెప్పాం. ఆమె ఎప్పుడూ విమానమెక్కలేదు. పీతల గంప మీద గోనె కప్పుతూ విన్నది. "ముసిల్దానికి నీళ్ళియ్యలేదా? మరి నువ్వేటి, నోరు మూసుకుని దిగొచ్చేసినావా?" అంది. మాతో వంద రూపాయలకు కొట్లాడే మనిషి ఆమె. మేం నోరు మూసుకున్నామంటే నమ్మలేకపోయింది.

మేం జవాబు చెప్పలేకపోయాం. ఎనక నించుంటే పాత నగరం వైపు మూడు కొండలు కనిపిస్తాయి. ఒకదాని మీద దర్గా, ఒకదాని మీద చర్చి, ఒకదాని మీద వేంకటేశ్వరుడు. ఊరికి ఎవరొచ్చినా చూపించి గొప్పగా చెప్పుకుంటాం మనం. చెప్పుకోండి, మేమూ చెప్పుకుంటాం. కానీ కొండలు పక్కపక్కన ఉంటే చాలదు. సీట్లు పక్కపక్కన ఉన్నప్పుడు ఏం జరుగుతోందో చూడండి.

ఈసారి ఖాలాను మళ్ళీ విమానంలోనే తీసుకెళ్తాం. ఉర్దూలోనే మాట్లాడతాం. నీళ్ళు అడుగుతాం. ఇవ్వకపోతే మర్యాదగా, గట్టిగా గొడవ పడతాం. దానికి గొడవ అనే పేరే పెట్టండి. వేరే పేరు పెట్టకండి.