బ్యాండ్ థియరీకి డీమెరిట్స్ లేవా?

మన ఫస్ట్ ఇయర్ ఇంజనీరింగ్ ఫిజిక్స్‌లో ఘనపదార్థాల యూనిట్ ఎలా సాగుతుందో అందరికీ తెలిసిందే. ముందు క్లాసికల్ ఫ్రీ ఎలక్ట్రాన్ థియరీ, దాని మెరిట్స్, డీమెరిట్స్. తర్వాత క్వాంటమ్ ఫ్రీ ఎలక్ట్రాన్ థియరీ, దానికీ మెరిట్స్, డీమెరిట్స్. ఆపైన బ్లాక్ థీరమ్, క్రోనిగ్-పెన్నీ మోడల్, బ్యాండ్లు. బ్యాండ్ పూర్తిగా నిండి పైన పెద్ద గ్యాప్ ఉంటే ఇన్సులేటర్, గ్యాప్ చిన్నదైతే సెమీకండక్టర్, బ్యాండ్ సగమే నిండితే మెటల్. యూనిట్ అయిపోయింది, కథ కంచికి మనం ఇంటికి.

ఇందులో ఒకటి గమనించారా? మొదటి రెండు థియరీలకీ డీమెరిట్స్ ఉన్నాయి. మూడోదానికి లేవు! ఏ నోట్స్ తిరగేసినా, ఏ ఇంపార్టెంట్ క్వశ్చన్ల లిస్టు చూసినా బ్యాండ్ థియరీ డీమెరిట్స్ కనపడవు. ఘనపదార్థంలో ఎలక్ట్రాన్ల సంగతి అక్కడితో తేలిపోయిందన్నట్టు పుస్తకం మూసేస్తాం. నిజానికి తేలలేదు. ఆ మూడో లిస్టు కూడా మనకి చెప్పాలి. అంతకంటే ముఖ్యంగా, ఏ మోడల్ చేతికొచ్చినా "ఇందులో ఏం వదిలేశారు?" అని అడిగే అలవాటు మనకి నేర్పాలి. ఈ వ్యాసంలో నా వాదన ఇంతే.

కథ మొదటి నుంచీ చూద్దాం. థామ్సన్ ఎలక్ట్రాన్‌ని కనిపెట్టింది 1897లో. మూడేళ్లకే, 1900లో, పాల్ డ్రూడ్ అనే జర్మన్ శాస్త్రవేత్త లోహంలోని ఎలక్ట్రాన్లని వాయువులోని అణువుల్లా ఊహించాడు. అవి స్వేచ్ఛగా తిరుగుతాయి, అప్పుడప్పుడూ గుద్దుకుంటాయి, ఒకదాని గోల ఇంకొకదానికి పట్టదు. ఇంత సాదా మోడల్ నుంచే ఓమ్ సూత్రం వచ్చేసింది. వేడిని బాగా ప్రసరింపజేసే లోహమే కరెంటునీ బాగా ప్రసరింపజేస్తుందనే వీడెమాన్-ఫ్రాంజ్ నియమం కూడా దాదాపు సరైన అంకెతో వచ్చింది. అందరూ సంబరపడ్డారు.

అసలు తమాషా తర్వాత బయటపడింది. ఆ లెక్కలో ఎలక్ట్రాన్ల ఉష్ణధారిత ఉండాల్సినదానికన్నా సుమారు 100 రెట్లు ఎక్కువగా పడింది. వేగం వర్గమేమో ఉండాల్సినదానికన్నా సుమారు 100 రెట్లు తక్కువగా పడింది. రెండు తప్పులూ ఒకదాన్నొకటి కొట్టేసుకున్నాయి. ఆన్సర్ కరెక్ట్, స్టెప్స్ రెండూ తప్పు! ఎగ్జామ్‌లో ఇలా జరిగితే దేవుడున్నాడనుకుని బయటికొస్తాం. సైన్స్‌లో మాత్రం దీన్ని విప్పడానికి పాతికేళ్లకు పైగా పట్టింది. 1927-28లో సోమర్‌ఫెల్డ్ అదే ఎలక్ట్రాన్ వాయువుకి క్వాంటమ్ నియమాలు పెట్టాకగానీ రెండు తప్పులూ సరికాలేదు. జవాబు ప్రయోగంతో కలిసినంత మాత్రాన మోడల్ సరైనదని కాదు అనడానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ నాకు తెలీదు. మన నోట్స్‌లో ఈ ముక్క ఉండదు. "వీడెమాన్-ఫ్రాంజ్ నియమాన్ని వివరిస్తుంది" అని మెరిట్స్‌లో ఒక పాయింటు, అంతే.

ఇక బ్యాండ్ థియరీ. 1928లో ఫెలిక్స్ బ్లాక్, 1931లో అలన్ విల్సన్ వేసిన పునాది అది. గొప్ప సిద్ధాంతమే, కాదనను. మన చేతిలో ఫోన్ ఉందంటే దాని చలవే. కానీ దాని లోపల ఒక పెద్ద ఒప్పందం ఉంది. ప్రతి ఎలక్ట్రానూ ఒంటరిగా ప్రయాణిస్తుంది, మిగతావన్నీ కలిసి దానికి ఒక సగటు నేపథ్యం మాత్రమే అన్నదే ఆ ఒప్పందం. రద్దీ బస్సులో పక్కవాడి మోచేయి మన డొక్కలో గుచ్చుకుంటుంటే, "సగటున బస్సులో ఇంత రద్దీ ఉంది" అని లెక్క వేసుకోవడం లాంటిదన్నమాట.

ఎందుకలా చేశారంటే వేరే దారి లేక. ఒక ఘన సెంటీమీటరు రాగిలో సుమారు 8.5 × 10²² స్వేచ్ఛా ఎలక్ట్రాన్లుంటాయి. అంటే 85 పక్కన 21 సున్నాలు. ప్రతిదీ మిగతా అన్నిటినీ వికర్షిస్తుంది. వాటికి ష్రోడింగర్ సమీకరణం రాయడం తేలికే, సాధించడం ఎవరి తరమూ కాదు. ఏదో ఒకటి వదిలేయక తప్పదు. సోడియం, రాగి లాంటి లోహాల్లో ఇలా వదిలేసినా మోడల్ బాగానే పనిచేస్తుంది. అది ఎందుకు పనిచేస్తోందన్నది కూడా చిన్న ప్రశ్నేం కాదు. దానికి జవాబు కోసం 1956లో లాండౌ ఇచ్చిన ఫెర్మీ ద్రవ సిద్ధాంతం దాకా ఆగాల్సి వచ్చింది.

పని చెయ్యని చోటు మాత్రం అంతకు ముందే దొరికింది. 1937లో డి బోయర్, వెర్వే అనే ఇద్దరు డచ్ శాస్త్రవేత్తలు నికెల్ ఆక్సైడ్ లాంటి పదార్థాల గురించి ఒక చిక్కు ప్రశ్న లేవదీశారు. నికెల్ ఆక్సైడ్‌లో నికెల్ డీ-స్థాయుల్లో 10 చోట్లకి 8 ఎలక్ట్రాన్లే ఉన్నాయి. సాదా బ్యాండ్ లెక్క ప్రకారం బ్యాండ్ పూర్తిగా నిండలేదు కాబట్టి అది లోహం కావాలి. ప్రయోగంలో చూస్తే సుమారు 4 ఎలక్ట్రాన్ వోల్టుల గ్యాప్ ఉన్న గట్టి ఇన్సులేటర్! ఎలక్ట్రాన్ల మధ్య వికర్షణని సగటు చేసి పక్కన పెట్టడమే దీనికి కారణమని పైయర్ల్స్ సూచించాడు, నెవిల్ మాట్ ఆ ఆలోచనని ముందుకి తీసుకెళ్లాడు. అందుకే ఇలాంటివాటిని మాట్ ఇన్సులేటర్లంటారు.

ఈ గుట్టుని అతి తక్కువ సరుకుతో పట్టుకున్న మోడల్ 1963లో వచ్చింది. బ్రిటన్‌లో జాన్ హబ్బర్డ్, విడిగా గుట్జ్‌విల్లర్, కనమోరి దాదాపు ఒకేసారి ప్రతిపాదించారు. పేరు మాత్రం హబ్బర్డ్ మోడల్‌గా నిలిచింది. దీన్ని అర్థం చేసుకోవడానికి మన హాస్టల్ చాలు.

100 గదుల హాస్టల్ అనుకోండి. ప్రతి గదిలో రెండు మంచాలు, ఒకటి కిటికీ వైపు, ఒకటి తలుపు వైపు. పై స్పిన్ ఎలక్ట్రాన్‌ది కిటికీ మంచం, కింది స్పిన్‌ది తలుపు మంచం. గది మారొచ్చుగానీ వైపు మారకూడదు. ఒక మంచంలో ఒక్కరే, అది పౌలీ నియమం. పక్క గదిలోకి ఎంత సులువుగా వెళ్లొచ్చో చెప్పే సంఖ్య "టీ". ఒకే గదిలో ఇద్దరు చేరితే అయ్యే గొడవ ఖరీదు "యూ". మోడల్ మొత్తం ఈ రెండు అక్షరాలే.

ఇప్పుడు 100 మందిని చేర్చండి. మంచాలు 200, సగం ఖాళీ. బ్యాండ్ థియరీని అడిగితే బోలెడన్ని ఖాళీలున్నాయి కాబట్టి అందరూ హాయిగా తిరుగుతారంటుంది, అంటే లోహం. కానీ "యూ" బాగా పెద్దదైతే? గదికొకరు సర్దుకుని కూర్చుంటారు. ఎవరు కదిలినా ఇంకొకరి గదిలోకే వెళ్లాలి, గొడవ తప్పదు. సగం మంచాలు ఖాళీగా ఉన్నా కారిడార్‌లో కదలిక ఉండదు. అదీ మాట్ ఇన్సులేటర్ అంటే.

ఇంకో విచిత్రం. పక్క గదిలోకి క్షణకాలం తొంగిచూసి వచ్చినా కొంచెం శక్తి కలిసొస్తుంది. కానీ ఆ గదిలో మీ వైపు మంచం ఖాళీగా ఉంటేనే అది కుదురుతుంది, అంటే పక్కవాడు ఎదుటి వైపువాడై ఉండాలి. అందుకని గదులు కిటికీ, తలుపు, కిటికీ, తలుపు అని వరస కడతాయి. పదార్థంలో దీన్నే యాంటీఫెర్రో అయస్కాంతత్వం అంటారు. మోడల్‌లో మనం అయస్కాంత బలమేదీ పెట్టలేదు, తిరుగుడూ గొడవా రెండే పెట్టాం. అయస్కాంతత్వం వాటిలోంచే పుట్టుకొచ్చింది! నాకైతే మన సిలబస్‌లో ఉన్న ఏ డెరివేషన్ కన్నా ఇదే ఎక్కువ నచ్చింది.

ఒక పదిమంది హాస్టల్ ఖాళీ చేస్తే కారిడార్‌లో మళ్లీ కదలిక మొదలవుతుంది. దీన్నే డోపింగ్ అంటారు. ఇలా డోప్ చేసిన లాంతనం-రాగి ఆక్సైడ్‌లోనే 1986లో బెడ్‌నోర్జ్, ముల్లర్ 30 కెల్విన్ల ప్రాంతంలో సూపర్‌కండక్టివిటీ కనుక్కున్నారు. మరుసటి ఏడాదే వాళ్లకి నోబెల్ వచ్చింది. ఆ 1987లోనే ఇట్రియం ఉన్న ఇంకో రాగి ఆక్సైడ్ 93 కెల్విన్లకి చేరింది, అంటే ద్రవ నైట్రోజన్ మరిగే 77 కెల్విన్ల కంటే పైకి. ఈ పదార్థాల గుట్టు హబ్బర్డ్ మోడల్‌లో ఉందా లేదా అన్న వాదన ఇంకా తెగలేదు.

అలాగని హబ్బర్డ్ మోడల్ దేవుడిచ్చిందేం కాదు. అది బ్యాండ్ థియరీ కన్నా ఎక్కువే వదిలేసింది. దూరంగా ఉన్న ఎలక్ట్రాన్ల వికర్షణ లేదు, అణువుల కంపనాలు లేవు, ఒక్కో అణువుకి ఒక్కటే స్థాయి. నికెల్ ఆక్సైడ్‌నే తీసుకుంటే ఆక్సిజన్ స్థాయుల్ని లెక్కలోకి తీసుకోకుండా దాని గ్యాప్ అర్థం కాదని 1985లో జానెన్, సావట్‌స్కీ, అలెన్ చూపించారు. అంటే మోడల్ విలువ ఎంత చేర్చిందన్న దానిలో లేదు. అడిగిన ప్రశ్నకి అవసరమైన ముక్కని ఉంచి, అక్కర్లేనివి తెలిసి వదిలేసిందా అన్నదే చూడాలి.

"ఇప్పుడు కంప్యూటర్లున్నాయి కదా, మోడల్ ఎందుకు, అన్నీ పెట్టి లెక్కించేద్దాం" అంటారా? మన హాస్టల్‌తోనే చూద్దాం. ఒక్కో గదికి నాలుగు అవకాశాలు: ఖాళీ, కిటికీవాడు, తలుపువాడు, ఇద్దరూ. 16 గదులకి 4ని 16 సార్లు గుణించాలి, అంటే 429 కోట్ల 49 లక్షల 67 వేల 296 అవకాశాలు. ఏ షార్ట్‌కట్టూ వాడకపోతే ఒక్క స్థితిని దాచుకోవడానికే సుమారు 34 జీబీ మెమరీ కావాలి. ఇంకో నాలుగు గదులు కలిపితే దాదాపు 9 టీబీ. ఒకే వరసలో ఉన్న గదులకి 1968లో లీబ్, వూ కచ్చితమైన సాధన ఇచ్చారు. రెండు దిశల్లో పరిచిన గదులకి ఇవాళ్టికీ కచ్చితమైన సాధన లేదు. మోడల్‌లో రెండు అక్షరాలే ఉన్నా పరిస్థితి ఇది!

ఇదంతా పాత చరిత్ర అనుకోకండి. ఇప్పుడు మెటీరియల్స్ మీద ప్రాజెక్ట్ చేసేవాళ్లలో చాలామంది చేతిలో డీఎఫ్‌టీ ఉంది, అంటే డెన్సిటీ ఫంక్షనల్ థియరీ. కోన్, షామ్ 1965లో ఇచ్చిన ఈ పద్ధతికి కోన్ 1998లో కెమిస్ట్రీ నోబెల్ పంచుకున్నాడు. క్వాంటమ్ ఎస్ప్రెస్సో లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్‌తో మన ల్యాప్‌టాప్‌లోనే సిలికాన్ బ్యాండ్లు గీసుకోవచ్చు. కానీ మామూలు సెట్టింగ్స్‌తో నడిపితే సిలికాన్ గ్యాప్ 0.5-0.6 ఎలక్ట్రాన్ వోల్టుల దగ్గర వస్తుంది. అసలు విలువ సుమారు 1.1. ఇది సాఫ్ట్‌వేర్ బగ్ కాదు. గ్యాప్ సరిగ్గా చెప్తానని ఆ పద్ధతి ఎప్పుడూ మాటివ్వలేదు.

నికెల్ ఆక్సైడ్ లాంటివాటికి ఇంకా ఘోరం, గ్యాప్ దాదాపు మాయమవుతుంది. దానికి మందుగా హబ్బర్డ్ "యూ"ని ఇన్‌పుట్ ఫైల్లో ఒక అంకెగా ఇచ్చే వీలుంది. ఆ అంకెని విడిగా లెక్కగట్టే పద్ధతులున్నాయి. అవి పక్కన పెట్టి, గ్యాప్ ప్రయోగంతో కలిసేదాకా "యూ"ని అటూ ఇటూ తిప్పి, కలిసినప్పుడు గ్రాఫ్ అతికించడం చాలా తేలిక. ఇది ఆన్సర్ చూసి స్టెప్స్ రాయడమే. డ్రూడ్‌కి ఆ అదృష్టం తెలియకుండా కలిసొచ్చింది. ఇక్కడ మనమే కూర్చుని కలిపిస్తున్నాం.

"మనం ఇంజనీర్లం, సగంమంది సాఫ్ట్‌వేర్‌కి పోతాం, ఎలక్ట్రాన్ల గొడవ మనకెందుకు?" అని అడిగేవాళ్లున్నారు. న్యాయమైన ప్రశ్నే. మెషిన్ లెర్నింగ్ మోడల్ కానీ, బ్రిడ్జి లోడ్ మోడల్ కానీ, సర్క్యూట్ సిమ్యులేషన్ కానీ, ప్రతిదీ ఏదో ఒకటి వదిలేసే నిలబడింది. వదిలేసింది ఏంటో తెలీనివాడు మోడల్ ఎక్కడ కూలుతుందో ముందే చెప్పలేడు. అది నేర్చుకోవడానికి ఎలక్ట్రాన్ల కథ కంటే శుభ్రమైన ఉదాహరణ దొరకదు.

"సిలబస్‌కే టైమ్ చాలట్లేదు" అనేది రెండో అభ్యంతరం. అదీ నిజమే. అందుకే కొత్త యూనిట్ అడగట్లేదు, ఒక్క గంట అడుగుతున్నాను. రెండు గదులు, ఇద్దరు ఎలక్ట్రాన్లు. మొత్తం ఆరే స్థితులు, ఆరు-ఆరు మ్యాట్రిక్స్. ఐగెన్ విలువలు మ్యాథ్స్ పేపర్‌లో ఎలాగూ చేస్తున్నాం, పైథాన్‌లో పది పన్నెండు లైన్లు చాలు. టీ = 1, యూ = 0 పెడితే కనిష్ఠ శక్తి −2 రావాలి. యూ = 8 పెడితే సుమారు −0.47. గొడవ పెరిగేకొద్దీ తిరుగుడు ఎలా ఆగిపోతుందో కళ్లముందే కనపడుతుంది.

దాంతోపాటు ఇంకో రెండు. మిడ్ పేపర్‌లో "బ్యాండ్ థియరీ ఎక్కడ పనిచేయదు? ఒక ఉదాహరణతో వివరించండి" అని ఐదు మార్కుల ప్రశ్న ఒకటి. ప్రతి ప్రాజెక్ట్ రిపోర్ట్‌లో "ఈ మోడల్‌లో మేం వదిలేసినవి" అని ఒక పేజీ, దానికి విడిగా మార్కులు. మొదటిది సార్లూ మేడమ్‌లూ పెట్టాలి. రెండోదానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు, ఈ సెమిస్టర్ రిపోర్ట్ నుంచే రాసేయొచ్చు. వైవాలో ఎవరైనా "ఈ పేజీ ఎందుకు?" అని అడిగితే నికెల్ ఆక్సైడ్ కథ చెప్పండి.